గూట్లో బోర్లించిన కప్పులు

మా ఇంటికి ఎవరొచ్చినా ముందు గాజు బీరువా దగ్గరికి తీసుకెళ్ళి నిలబెడతాను. మంచినీళ్ళివ్వడం ఆ తరవాతే. విజయనగరంలో నన్నెరిగినవాళ్ళంతా ఈ సంగతి కూడా ఎరిగినవాళ్ళే కనక దాహం ఇంటి దగ్గరే తీర్చుకుని వస్తారు. కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకుని బతికినదానికి పాత పింగాణీ, పాత గాజు అంటే ఇంత పిచ్చి ఎందుకు పట్టుకుందో మా ఆయనకి ఆఖరిదాకా అర్థం కాలేదు. 'ఇది ఇల్లా, పాతసామాన్ల కొట్టా' అని విసుక్కుంటూనే సెలవురోజుల్లో బస్సెక్కి నా వెంట కోటబొమ్మాళి దాకా వచ్చేవారు. మా చుట్టుపక్కల రెండు జిల్లాల్లో రంగం వెళ్ళొచ్చిన మనిషి లేని ఊరు అరుదు. రంగం అంటే రంగూనే, మా వైపు పెద్దవాళ్ళు అలాగే అంటారు. అక్కడ బియ్యం మిల్లుల్లోనూ ఓడరేవులోనూ రెక్కలు ముక్కలు చేసుకున్నవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు మూటల్లో ఏవో ఒకటి తెచ్చుకున్నారు. నల్ల లక్క పూసిన తమలపాకుల డబ్బా, నీలం పువ్వుల చీనా జాడీ, ఆకుపచ్చ గాజు పన్నీరుబుడ్డి. మనవలకి అవి అటక మీద చెత్త. నేను వెతుక్కుంటూ వెళ్ళి, బతిమాలి, కొనుక్కుని, పాత చీరల్లో చుట్టుకుని పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చుకునేదాన్ని.

నా బీరువాలో కొనకుండా వచ్చినవి మాత్రం రెండు జపాను కప్పులు. మా తాతయ్య రంగంలో వ్యాపారం చేసి, యుద్ధానికి ముందే ఓడెక్కి వచ్చేస్తూ తెచ్చిన వాటిలో మిగిలినవి. ఉల్లిపొరంత పల్చని పింగాణీ, బయట రెండు కొంగలు, అంచుకి కాస్త చెరిగిన బంగారు గీత. అసలు విశేషం అడుగున ఉంది. ఖాళీ కప్పుని వెలుతురుకి ఎత్తితే అడుగులో ఒక ఆడమనిషి ముఖం కనిపిస్తుంది. రంగు వేసింది కాదు. పింగాణీనే ఒకచోట పల్చగా, ఒకచోట మందంగా పోసి చేసిన పనితనం. వెలుగు పడకపోతే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. వచ్చినవాళ్ళకి నేను సెల్‌ఫోను లైటు కింద పెట్టి ఆ ముఖం చూపించేదాన్ని. వాళ్ళు నోరు తెరుస్తుంటే, ఆ ముఖం నేనే చేసినంత మురిసిపోయేదాన్ని.

ఎచ్చెర్ల దారిలో ఒక కాలేజీవాళ్ళు తమ లైబ్రరీలో ఒక గది నా వస్తువులకి ఇస్తామన్నారు. గదికి మా తాతయ్య పేరు పెడతామన్నారు. ముందుగా ఒక అమ్మాయి వచ్చి ఫోనులో వీడియో తీసింది. 'ఈ కప్పులు ఎవరి కోసం మేడం?' అని అడిగింది. నేను తడుముకోకుండా చెప్పాను: 'మా ఇంటికి వచ్చేవాళ్ళ కోసం. ఇంట్లోవాళ్ళం కంచు గ్లాసుల్లో, ఇత్తడి గ్లాసుల్లో తాగేవాళ్ళం. ఖరీదైన ఈ కప్పులు మాత్రం బయటివాళ్ళకే ఇచ్చేవాళ్ళం.' ఆ పిల్ల ముచ్చటపడిపోయింది. కప్పుల పక్కన అట్టముక్క మీద 'మా ఇంటి అతిథి మర్యాద' అని రాయిస్తామంది. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోయేది అందుకే.

కాలేజీవాళ్ళు నెట్‌లో పెట్టిన ఆ వీడియో చూసి ఫోన్లు చేసినవాళ్ళలో ఒకావిడ గొంతు నాకు నచ్చింది. 'కప్పు అడుగున మొకం ఉంటాది గదండీ, ఒక్కసారి సూడాలండి. నాను గవర్నమెంటాసుపత్రిలో హెడ్ నర్సుగా సేసి రిటైరైనాను' అంది. 'తప్పకుండా రండి, మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే' అన్నాను. రానే వచ్చింది. ఇస్త్రీ చీర, కళ్ళజోడు, చేతిలో అరటిపళ్ళ సంచి, ఇంచుమించు నా వయసే. చెప్పులు విడుస్తూ, 'మాదీ బొబ్బిలేనండి. మీ ఇంటికి సింతపండు బండి తోలీవోడు సన్యాసి, మా అయ్య' అంది. 'ఓ, నువ్వు సన్యాసి కూతురివా' అన్నాను. ఆమె గుమ్మం దాటేలోపు నా నోట్లో 'మీరు' 'నువ్వు' అయిపోయింది. నేను గమనించలేదు. ఆమె గమనించింది. ఒక్క క్షణం నాకేసి చూసి, 'ఔను, పైడమ్మని. నువ్వు సత్యవతివి గదా' అంది. ఆ 'నువ్వు' నాకు చురుక్కుమంది. ఇద్దరం ఒకే ఊరివాళ్ళం, ఒకే ఈడువాళ్ళం, నేనన్న మాటే తనూ అంది. మరి నాకెందుకు గుచ్చుకోవాలి? దానికి సమాధానం చెప్పాలంటే బొబ్బిలిలో మా ఇంటి అరుగు దగ్గరికి వెళ్ళాలి.

మాది చింతపండు వ్యాపారం. శివరాత్రి దాటిందంటే మా వీధి వీధంతా చింతపండు వాసన. కొండ మీది సంతల్లో కొన్న చింతపండు సాలూరు వైపు నుంచి బళ్ళమీద వచ్చేది. దొడ్డిలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని గింజా ఈనె తీసి ముద్దలు చేసేవారు. పులుపుకి వాళ్ళ వేళ్ళు తెల్లగా నానిపోయి చీలేవి. ఇల్లంతా ఆ పులుపే. పరుపుల్లో, పుస్తకాల్లో, అమ్మ జడలో కూడా. ఆ పులుపు మధ్యన మా నాయనమ్మ తెల్లవారకుండా నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతోనే ఇత్తడి సామానంతా చింతపండు పులుసుతో తానే తోముకునేది. చేతికింద మనిషి తోమిన చెంబుని మళ్ళీ ఒకసారి తోమందే ముట్టేది కాదు. 'ఇత్తడికి సింతపండు సూపిస్తే సాలు, ఏ మైలైనా పోద్ది. మట్టికీ గాజుకీ సుద్ధి నేదే అమ్మడూ' అని నాకు పాఠం చెప్పేది. ఎండలో ఆరబెట్టిన ఆ చెంబులు మెరుస్తుంటే, వాటి మధ్య నాయనమ్మ కూడా మెరుస్తున్నట్టే ఉండేది నాకు.

అలాంటి ఇంటికి తాతయ్య జపాను కప్పులు తెచ్చాడు. ఆ కథ నాయనమ్మ నోటినుంచే ఎన్నిసార్లో విన్నాను. ఎడ్లబండి మీంచి చెక్కపెట్టె దింపి, ఎండుగడ్డి తీసి, తాతయ్య ఒక్కొక్క కప్పూ చేతిమీద పెట్టుకుని చూపించాడట. నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, 'ఏటిది, సీనామట్టా? ఎముకల పొడి కలిపి కాలుస్తారంట. ఇది నా వంటింటి గడప తొక్కితే నాను నూతిలో దూకుతాను' అందట. రంగంలో దొరలతో బేరాలాడి వచ్చిన మనిషి మా నాయనమ్మ ముందు నోరెత్తలేదు. సముద్రం దాటి వచ్చిన కప్పులు మా గడప దాటలేకపోయాయి. వీధి అరుగు గోడలో, దీపం పెట్టుకునే గూటి పక్క గూట్లో వాటికి చోటు దొరికింది. వాటి వాడకం కూడా అప్పుడే కుదిరింది. బళ్ళవాళ్ళలో కొందరికి ఇంట్లో గ్లాసు ఇచ్చేవారు. ఊరి చివరి పేట నుంచి వచ్చేవాళ్ళకి ఇచ్చేవారు కాదు. వాళ్ళు అంతకుముందు కొబ్బరిచిప్పలో తాగేవారట. తాతయ్య పుణ్యమా అని కొబ్బరిచిప్పలు పోయి, జపానులో ఎవరో చేయితిరిగిన పనివాడు చేసిన కప్పులు వచ్చాయి.

నాయనమ్మ చెడ్డమనిషి కాదు. నోరెండిన మనిషిని అలాగే పంపితే ఇంటికి అరిష్టమని నమ్మేది. బళ్ళు వచ్చేసరికి బెల్లం, అల్లం వేసి గుండిగెడు టీ కాచి ఉంచేది. అరుగు దగ్గర టీ పొయ్యడం నా పని, నేను పోరి సంపాదించుకున్న పని. సన్యాసి ఎడ్లని విప్పి, కాళ్ళు కడుక్కుని, గూట్లోంచి తన కప్పు తనే తీసుకునేవాడు. అరుగు కింద మట్టికుండలో నీళ్ళుండేవి, ముంచుకుని తొలుచుకునేవాడు. తరవాత కింద మెట్టు దగ్గర నిలబడి కప్పు పట్టేవాడు. నేను అరుగు మీద నిలబడి కొమ్ముచెంబుతో పైనుంచి పోసేదాన్ని. చెంబు కప్పుకి తగలకూడదు, చుక్క చిందకూడదు. నాకది ఆట. 'అమ్మడి సెయ్యి కదలదు, దారగా పడతాది' అనేవాడు సన్యాసి. ఆ మాటకి పొంగిపోయి మర్నాడు ఇంకాస్త ఎత్తునుంచి పోసేదాన్ని. తాగడం అయ్యాక కప్పు కడిగి, గూట్లో బోర్లించాలి. బోర్లించి ఉంటే కడిగినట్టు గుర్తు. వెల్లకిలా ఉందంటే నాయనమ్మ కేకలు వీధి చివరికి వినిపించేవి.

సన్యాసి అందరికన్నా నెమ్మదిగా తాగేవాడు. మిగతావాళ్ళు గటగటా తాగేసి బస్తాలు దింపడానికి పోతే, ఇతను ఆఖరి గుక్కకి తల వెనక్కి వాల్చి, కప్పు ముఖం మీద పెట్టుకుని, పొద్దు పొడిచే వైపు తిరిగి అలాగే ఉండిపోయేవాడు. కిటికీలోంచి నాయనమ్మ నవ్వేది. 'ఏటిరా సన్యాసీ, అడుగున ఏటుందని నాకేస్తన్నావు?' అనేది. 'ఏటీ నేదమ్మా, బెల్లం పాకం' అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. బెల్లానికి మొహం వాచినవాడనుకున్నాం.

నాయనమ్మ పోయింది. స్టీలు గ్లాసులొచ్చాయి. గూటి కప్పులు కొన్ని పగిలి, కొన్ని అటకెక్కాయి. ఇల్లు పంచుకున్నప్పుడు అన్నయ్యలు ఇత్తడీ కంచూ తూకం వేసి పట్టుకుపోయారు. నేను కప్పులు చాలన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. వాళ్ళకి లేని రుచి నాకుందని గర్వపడ్డాను. అడుగున ముఖం ఉందని తెలిసింది మాత్రం చాలా ఏళ్ళ తరవాత, కలకత్తాలో ఒక పాతవస్తువుల కొట్లో. అక్కడి ముసలాయన అలాంటి కప్పునే దీపానికి ఎత్తి చూపించాడు. ఇంటికొచ్చి చూస్తే మావాటికీ ఉంది. అంతకాలం మా అరుగు మీదే ఉన్న ముఖం మా ఇంట్లో ఒక్కరికైనా ఎందుకు కనిపించలేదు? ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. మాలో ఎవరూ దాంట్లో తాగలేదు కనక. ఇంత చిన్న జవాబు కోసం పైడమ్మ రావలసి వచ్చింది.

ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. హెడ్ నర్సుగారు వస్తున్నారని పొద్దున్నే ట్రేలో మంచి కప్పూ సాసరూ తుడిచి పెట్టుకున్నాను. అవి అక్కడే ఉన్నాయి. నా చెయ్యి మాత్రం పక్కనున్న కాగితం కప్పుల మీదికి పోయింది. ప్లంబరొస్తే, కరెంటు కుర్రాడొస్తే ఇవ్వడానికి ఉంచుకున్నవి. 'మళ్ళీ కడగక్కర్లేదు గదా' అనుకున్నట్టు గుర్తు. పట్టుకెళ్ళి ఇచ్చాను. నా టీ నా స్టీలు గ్లాసులో నా చేతిలోనే ఉంది. పైడమ్మ కాగితం కప్పుని ఇటూ అటూ తిప్పి చూసింది. 'ఇది బాగున్నాది. దీనికి గూడు గూడా అక్కర్నేదు' అంది. మామూలు గొంతుతోనే అంది. నాకు తల తీసేసినట్టయింది. నాయనమ్మ తన పట్టింపుని వీధిలో, అందరికీ కనపడేలా గూట్లో పెట్టుకుంది. నేను అది పోయిందనుకుని గాజు బీరువాలో పెట్టి లైట్లు కూడా వేయించాను. గురివింద గింజ సామెత పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో.

ఆమె టీ ముట్టకుండా పక్కన పెట్టి బీరువా దగ్గరికి నడిచింది. 'బోర్లించే ఉంచినావు' అంది. 'దుమ్ము పడకుండా' అన్నాను. 'ఊఁ' అంది. నేను గబగబా ఒక కప్పు తీసి, ఫోను లైటు వేసి, కింద పెట్టి చూపించబోయాను. ఆమె వంగి చూడలేదు.

'అలగ కాదు. మా అయ్య టార్చిలైటుతో సూడనేదు' అంది. 'నాను సిన్నప్పుడు ఏడిస్తే ఈ కతే సెప్పి నిద్దరోబెట్టీవోడు. సావుకారోరి కప్పులో ఒక అమ్మ ఉంటాదే పైడీ, తాగినోళ్ళకే అగుపడతాది, ఆఖరి గుక్క తాగి పొద్దుకెత్తితే నాకేసి సూసి నవ్వుతాది అనీవోడు. ఆ ఇంట్లో నా మొకంలోకి సూసింది ఆ అమ్మొక్కర్తే అనీవోడు. పోయేముందు మంచం మీద గూడా అదే మాట. నాను తాగి సూడాల.'

'పాతది కదా, వేడి టీ పోస్తే...' అని మొదలుపెట్టాను. అలాంటి వస్తువులు వాడకూడదని, వాడితే విలువ పోతుందని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి చెప్పి నోటికి వచ్చేసిన మాట అది.

'వేడి టీ ఎరగని కప్పేటి ఇది? నువ్వే గదా పోసీదానివి' అంది పైడమ్మ. 'సావుకారోరి పాప పోస్తే సెయ్యి కాలిపోద్దే, అంతెత్తునుంచి పడతాది, సిందినా సెయ్యి కదపకూడదు అనీవోడు మా అయ్య.'

సన్యాసి నన్ను మెచ్చుకునేవాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ కొత్తగా టీ పెట్టాను, అల్లం దంచి, పంచదార మానేసి బెల్లం వేశాను. కప్పు ఆమె చేతిలో ఉండగా పొయ్యడానికి నాకు చేతులు రాలేదు. బల్ల మీద పెట్టి, గిన్నె అంచు కప్పుకి ఆనించి పోశాను. అయినా బల్లంతా చిందింది.

ఆమె కప్పు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. నెమ్మదిగా తాగింది. ఆఖరి గుక్కకి తల వెనక్కి వాల్చి, కప్పుని ఎండకెత్తి, అచ్చం సన్యాసిలాగే అలా ఉండిపోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. చాలాసేపటికి కప్పు దించింది.

'నవ్వటం నేదు' అంది.



'మొకం గూడా పక్కకున్నాది. తాగీవోళ్ళకేసి సూడదు. మా అయ్య నాకు అబద్దం సెప్పినాడు.' కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. 'పోన్లే. బిడ్డకి ఏటి సెప్తాడు మరి' అంది.

లోపలికొచ్చి కప్పుని బల్ల మీద పెట్టింది. వెల్లకిలా, అడుగున టీ పొడి మరకతో. 'మా అయ్య కడిగి బోర్లించీవోడు. నాను కడగను' అంది. కోపంగా అనలేదు. చెప్పులు వేసుకుంటూ, 'అతిథులకని రాయిస్తన్నారంట గదా. అలగే రాయిస్తావేటి?' అని అడిగింది. 'లేదు' అన్నాను. 'మరేటి రాయిస్తావు?' అంది. నేను బల్ల మీది కప్పుకేసి చూశాను. 'రాసినాక కబురెట్టు. మా మనవరాల్ని తీసుకొస్తాను, సదువుతాది' అని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. అరటిపళ్ళు బల్ల మీద ఉంచే వెళ్ళింది. వాటికి బదులుగా నా అంతట నేనిచ్చింది కాగితం కప్పుడు టీ.

ఆలస్యం చేస్తే ధైర్యం చాలదని వెంటనే కాలేజీకి ఫోన్ చేశాను. 'మా ఇంట్లోకి రానివ్వనివాళ్ళ కోసం, మా గ్లాసులు ముట్టనివ్వనివాళ్ళ కోసం వీధి అరుగు మీద ఉంచిన కప్పులు అని రాయండి. వాటిల్లో తాగినవాళ్ళలో సన్యాసి ఒకరు అని పేరు కూడా రాయండి' అన్నాను. 'తాతగారి పేరున్న గదిలో అలా రాస్తే ఏం బాగుంటుంది మేడం?' అన్నారు. 'అయితే ఆ పేరు తీసేయండి' అన్నాను. ఆలోచించి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు. ఫోను పెట్టేశాక, ఎందుకు దాచాలి, నా మీద నాకు కాస్త గౌరవం పుట్టింది. ఈ వయసులోనైనా ఒక నిజం చెప్పాను, మా వంశంలో నేనైనా చెప్పాను అనుకున్నాను. అదే ఊపులో బల్ల మీది కప్పు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళాను. తాగిన కప్పుని మా ఇంటి మనిషి చేత్తో కడగడం ఇదే మొదటిసారి కదా అని కూడా అనుకున్నాను.

కడిగాను. నీళ్ళు ఓడ్చి పక్కన పెట్టాను. మళ్ళీ తీసి, సబ్బు రాసి, అంచు చుట్టూ వేలు తిప్పుతూ ఇంకోసారి కడుగుతున్నాను. సగంలో చెయ్యి ఆగిపోయింది. పాత పింగాణీకి సబ్బు తగలనివ్వకూడదని, బంగారు గీత పోతుందని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే. కప్పు మొదటిసారికే శుభ్రపడింది. రెండోసారి ఎందుకు కడుగుతున్నానో నాకు తెలుసు. నూతి దగ్గర తడిబట్టతో కూర్చుని, తోమిన చెంబునే మళ్ళీ తోముకునే మనిషి నా చేతుల్లో ఉంది. సింకు అంచు పట్టుకుని నిలబడిపోయాను. ఎవరూ చూడటం లేదు. అయినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గిన్నెలో కాస్త టీ మిగిలి ఉంది, చల్లారిపోయింది. సబ్బు తొలిచి, ఆ కప్పులోనే పోసుకుని బాల్కనీలోకి వెళ్ళాను. అంచు పెదవికి తగలగానే ఎముకల పొడి మాట గుర్తొచ్చింది, నాకు, ఈ కప్పుల గురించి అంత చెప్పగల నాకు. కళ్ళు మూసుకుని మింగాను. ఆఖరి గుక్క అయ్యాక తల వెనక్కి వాల్చి కప్పుని ఎండకెత్తాను. ఫోను లైటుతో ఎన్నోసార్లు చూసిన ముఖమే. తాగి చూడటం మాత్రం అదే మొదలు. పైడమ్మ చెప్పింది నిజమే. అడుగున ఉన్న ఆవిడ నవ్వడం లేదు. తల పక్కకి తిప్పుకునే ఉంది.